రెండుసార్లు చచ్చిన సిపాయి

"తాతగారూ, ఆ ఫోటోలో నీలం కోటు కుర్రాడెవరు? తుపాకీ భలే పట్టుకున్నాడే."

కుర్రాడా? సరే, కూర్చో అమ్మాయ్. ఆ టీ కప్పు కింద పెట్టి మరీ కూర్చో. ముందొక మాట. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఇది అబద్ధం అని నీకెక్కడ తోస్తే అక్కడ చెయ్యెత్తు. చెప్పడం ఆపేసి, మీసం గొరిగించుకుని, వచ్చే ఫ్లైటుకి తెనాలి వెళ్ళిపోతాను. ఇంతవరకూ ఈ కథ విని చెయ్యెత్తినవాడు లేడు. మా అల్లుడొకడు ఎత్తబోయాడు, సగంలో దించేశాడు.

ఆ కుర్రాడు కుర్రాడు కాదు. నా మనవరాలు. మా సుజాత కూతురు, మేఘన.

చూశావా, మళ్ళీ చూస్తున్నావు ఫోటో వంక. చూడు చూడు. ఆ మీసం నేను అంటించిందే. నువ్వే కాదు, అరవై మంది సిపాయిలూ ఓ కెప్టెనూ పొద్దుట్నించి సాయంత్రం దాకా చూసి కూడా కనిపెట్టలేకపోయారు. అరవై కాదులే, వందుంటారు. వందా ఇరవై అనుకో.

ఎప్పటి మాట ఇది? సుజాత వాళ్ళు చికాగో పక్కన ఈ షామ్‌బర్గ్‌లో ఇల్లు కొన్న ఏడాది. గ్యాలన్ పెట్రోలు రెండు డాలర్ల చిల్లర ఉండేది, కారెక్కి ఎక్కడికైనా పదమంటే పద అనేవాళ్ళు. నేనూ మీ మామ్మగారూ ఆర్నెల్లకని వచ్చాం. అప్పటికి మేఘనకి పదిహేడు. ఇక్కడే పుట్టిన పిల్ల కదా, తెలుగు మాట్లాడితే క్రియ ఓ చోట, కాలం ఓ చోట ఉండేవి. కానీ నా మనవరాలు. పట్టిందంటే వదలదు.

నువ్వు కొత్తగా వచ్చావు గనక ఇక్కడి ఆచారం ఒకటి చెప్పాలి. నూట అరవై ఏళ్ళ కిందట ఈ దేశంలో వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు. ఉత్తరం వాళ్ళవి నీలం కోట్లు, దక్షిణం వాళ్ళవి బూడిదరంగు కోట్లు. ఆ యుద్ధాన్ని ఇప్పటికీ శని, ఆదివారాలు మైదానాల్లో ఆడతారు. డేరాలు, గుర్రాలు, ఫిరంగులు, బూట్ల బొత్తాలతో సహా ఆనాటివే. జనం మడత కుర్చీలు వేసుకుని చూస్తారు. అచ్చం మన పద్యనాటకమే, పద్యాలొక్కటే తక్కువ. మొదటిసారి చూసినప్పుడు, ఆహా, ఇన్నాళ్ళకి అమెరికా వాళ్ళకి బుద్ధొచ్చింది అనుకున్నాను.

మేఘన స్కూల్లో చరిత్ర చదివి అందులో చేరింది. చేరితే ఏం చేశారు, పొడుగు గౌను తొడిగి, తలకి గుడ్డ కట్టి, డేరా ముందు నిలబెట్టి లెమనేడ్ పొయ్యమన్నారు. వేసవంతా పోసింది. ఓ శనివారం ఇంటికొచ్చి ఆ గౌను తీసి విసిరేసింది, వంటగదిలో మీ మామ్మగారి మీద పడింది.

"ఏడుస్తున్నావేంటే?" అంది ఆవిడ.

"నేను ఏడవ లేదు అమ్మమ్మా. నాకు కోపం ఉంది. ఆ యుద్ధంలో అమ్మాయిలు సోల్జర్స్ ఉన్నారు. జుట్టు కట్ చేసి, ప్యాంట్ వేసుకుని, పేరు మార్చి వెళ్ళారు. కొంతమంది చచ్చిపోయాక తెలిసింది అమ్మాయి అని. నేను కెప్టెన్‌కి చెప్పాను, నాకు రైఫిల్ ఇవ్వండి అని."

"ఏమన్నాడు?"

ఆ కెప్టెన్ పేరు వాల్టర్. ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టు నడిపి రిటైరయినవాడు, తెల్ల గడ్డం, గంభీరమైన మనిషి. అతని మాట ఇది: "నిజమే, ఆ రోజుల్లో వరసలో ఆడపిల్లలుండేవాళ్ళు. కానీ పక్కనున్న సిపాయికి కూడా తెలియకుండా ఉండేవాళ్ళు. నా రూలూ అదే. సీజన్ ఆఖర్న పెద్ద యుద్ధం ఉంది. ఆ రోజు సిపాయి వేషంలో రా. చివరి బాకా ఊదాక, ఒకే ఒక్కసారి వేలు పెట్టి చూపిస్తాను. నిన్ను పట్టుకున్నానా, మళ్ళీ గౌనే, ఇంకెప్పుడూ అడగకూడదు. పట్టుకోలేకపోయానా, ఆ కోటు నీదే."

న్యాయమైన మనిషే. కానీ న్యాయంలో చిన్న కంత ఉంది. అన్ని తెల్ల మొహాల మధ్య ఒక్క చామనఛాయ మొహం. వేలు పెట్టడానికి కెప్టెనే అక్కర్లేదు, గుర్రం కూడా పెట్టగలదు. పిల్లకి ఆ సంగతి తెలుసు. సోఫాలో మోకాళ్ళ మీద తలపెట్టుకుని, "తాతా, నేను గ్యారంటీ ఓడిపోతాను" అంది.

నేను లేచి నిలబడ్డాను. లేచి ఏమన్నానో తెలుసా? "పిచ్చి మొహమా, నీ తాత ఎవరనుకున్నావు?"

నీకూ తెలియదుగా. చెప్తా. నేను పదహారో ఏట నుంచి ముప్ఫై నాలుగో ఏట దాకా ఆడవేషం కట్టినవాణ్ణి. రాణులు, నాయికలు, ఏడిపించే వేషాలు అన్నీ నావే. ఓసారి గుడివాడ దగ్గర నాటకం. నా ఏడుపు చూసి ఓ మోతుబరి తల్లి తెల్లారగానే పసుపు కుంకుమలతో బసకొచ్చింది, మా అబ్బాయికి ఆ పిల్లని ఇమ్మని. నేను లుంగీ కట్టుకుని పళ్ళు తోముకుంటూ బయటికొచ్చాను. ఆవిడ నన్ను చూసి ఏమందనుకున్నావు? "పిల్ల అన్నగారా బాబూ" అంది. నవ్వకు, మీ మామ్మగారిని అడుగు. ఆవిడ అప్పుడు లేదనుకో, మా పెళ్ళికి ముందు మాట. అయినా అడుగు.

ఇంతకీ ఎక్కడున్నాను? ఆఁ, మగవాణ్ణి ఆడదాన్ని చెయ్యడం తెలిసినవాడికి, అదే దారిలో వెనక్కి నడవడం ఎంతసేపు. నాకు మా గురువుగారు మోకాళ్ళ మధ్య చింతపిక్క పెట్టి నడిపించేవారు. జారిందా, బెత్తం. ఆడదాని నడక అలా వస్తుంది. నేను మేఘన మోకాళ్ళ మధ్య కొబ్బరికాయ పెట్టి కూర్చోబెట్టాను. ఇండియన్ స్టోర్లో ఉన్నవాటిలో పెద్దది చూసి తెచ్చాను. మగాడు కుర్చీలో కూర్చుంటే తాతల నాటి జాగీరులో కూర్చున్నట్టుంటుంది, పక్కవాడికి చోటివ్వడు. ఆ పిల్ల పదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది, అదొక గండం. ఎక్కడ డప్పు మోగినా పాదం తాళం వేస్తుంది, మెడ కదులుతుంది. దానికేం చేశానంటే, ఓ కాలికి తన బూటు, ఇంకో కాలికి వాళ్ళ నాన్న బూటు. మా వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపించాను. మెయిల్ వేసే ఆవిడ ట్రక్కు ఆపి చూసింది. సుజాత తలుపు చాటు నుంచి, "నాన్నా, పరువు తీస్తున్నావు" అంది. పరువు ఎక్కడికీ పోదు, పాదంలో తాళం పోవాలి అన్నాను. మూడు వారాల్లో పోయింది.

ఇక చావడం.

యుద్ధంలో సిపాయి అన్నాక చావాలి కదా. అక్కడివాళ్ళు ఎలా చస్తారనుకున్నావు, బస్తా జారినట్టు దబ్బున పడతారు. నేనన్నాను, చావంటే అది కాదే, మొదట ఆశ్చర్యపోవాలి, తర్వాత అమ్మ గుర్తు రావాలి, ఆ తర్వాతే నేల. బేస్‌మెంట్లో కార్పెట్ మీద నేర్పాను. ఇంకోటీ నేర్పాను. మన పద్యనాటకంలో హీరోకి బాణం తగిలి, పద్యం పాడి, ప్రాణం వదిలాక, జనం వన్స్ మోర్ అన్నారనుకో, లేవాలి. లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. మా కంపెనీలో ఓ రాజు ఒక రాత్రి నాలుగుసార్లు చచ్చాడు. అడిగిన ప్రేక్షకుణ్ణి కాదనడం మర్యాద కాదు. మేఘన విని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వినా వదల్లేదు నేను. పడ్డప్పుడల్లా వన్స్ మోర్ అనేవాణ్ణి, లేచేది, మళ్ళీ చచ్చేది. ఆఖరికి ఎలా తయారైందంటే, నేను పైన వంటగదిలోంచి కాఫీ కోసం వన్స్ మోర్ అన్నా, కింద ధబ్ మని చప్పుడయ్యేది.

అన్నీ కుదిరాయి. మొహం రంగొక్కటి మిగిలింది. మైదా పూసి తెల్లగా చెయ్యమంది మీ మామ్మగారు. అలాంటి పనులు ఔత్సాహికులు చేస్తారు. నేను రెండు రోజులు ఆలోచించాను. ఒక రంగును దాచాలంటే రంగు మార్చక్కర్లేదు. అదే రంగు ఇంకా తీసుకురా. అంతే.

చికాగోలో ఎమ్మెస్ చేసే కుర్రాళ్ళు నలుగురు ఉండేవాళ్ళు, మీ మామ్మగారి చేపల పులుసు కోసం వారం వారం వచ్చి పడేవాళ్ళు. సోఫా మీద వరసగా కూర్చోబెట్టి చెప్పాను. "బాబూ, ఈ శనివారం మీరు ఉత్తరాది సైన్యంలో చేరుతున్నారు."

వాళ్ళలో రవికిరణ్ అని ఒకడు, విజయవాడ పిల్లాడు. సన్నగా, అచ్చం మేఘన ఎత్తే. మహా శుభ్రం మనిషి, మా ఇంట్లో కుర్చీ కూడా కర్చీఫుతో తుడిచి కూర్చునేవాడు. వాడు భయపడ్డాడు. "అంకుల్, నేను ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. యుద్ధం చెయ్యొచ్చా?"

"నాటకంరా అబ్బాయ్."

"అంటే వర్క్ కిందకి రాదుగా?"

"చావడం ఎక్కడా వర్క్ కిందకి రాదు" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆ శనివారం పొద్దున్నే మా గరాజే గ్రీన్ రూమ్. నా మేకప్ పెట్టె లేకుండా నేను ఊరు దాటను. ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ ఆయన దాన్ని తెరిచి, ఎనిమిది మీసాలు చూసి, ఇవి ఎవరివి అన్నాడు. అన్నీ నావే అన్నాను. గౌరవంగా మూసిచ్చాడు. ఆ మీసాలు అప్పుడు అక్కరకొచ్చాయి. ఐదుగురికీ ఒకటే మీసం, చెవుల దాకా ఒకటే గడ్డం, పైన మసి. మేఘన జడ తలకి చుట్టి, పైన టోపీ. ఒక్క పళ్ళెంలో ఐదు ఇడ్లీలు పెడితే ఏది ఏదో చెప్పగలవా? అలా తయారుచేశాను. సుజాత కాఫీ పట్టుకొచ్చి, కూతురనుకుని రవికిరణ్ నుదురు ముద్దుపెట్టుకోబోయింది. అప్పుడే అనుకున్నాను, గెలిచాం అని.

మైదానంలో కొత్తగా చేరినవాళ్ళకి అద్దె కోట్లిచ్చారు, మందు లేని ఖాళీ తుపాకులిచ్చారు. వరసలో నిలబెట్టారు. కెప్టెన్ వాల్టర్ చేతులు వెనక్కి కట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క చామనఛాయ మొహం కోసం వెతుకుతున్నవాడికి ఐదు కనపడ్డాయి. ఆగాడు. కుర్చీలో కూర్చున్న నా వంక తిరిగి, టోపీ కొంచెం ఎత్తాడు. నేనూ తల ఊపాను. యోధులు ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టడం అంటారే, అది.

అయినా అతను తక్కువవాడా? ఒక్కొక్కడి ముందూ ఆగి మాట్లాడించడం మొదలుపెట్టాడు. గొంతు వింటే తెలిసిపోతుంది కదా. నా గుండె ఆగింది. ఆగలేదనుకో, ఆగినంత పనయింది. మేఘన ముందుకొచ్చాడు. "ఏ ఊరు బాబూ నీది?" అన్నాడు.

దానికి మందు ముందే వేశాను. ఆ రోజుల్లో సిపాయిలు పొగాకు నమిలేవాళ్ళట. మేఘన బుగ్గన గుప్పెడు వక్కపొడి. ఆ పిల్ల నోరు తెరవలేదు, పక్కకి తిరిగి, మూడు గజాల దూరం పడేట్టు ఉమ్మింది. ఎర్రగా. తెనాలి బస్టాండులో పుట్టి పెరిగినవాడు కూడా అంత తీరుగా ఉమ్మలేడు. వాల్టర్ తన బూట్లు చూసుకుని, వెనక్కి ఓ అడుగేసి, ముందుకెళ్ళిపోయాడు.

ఇక యుద్ధం మొదలయింది. ఏం చెప్పమంటావు. ఫిరంగి పేలితే పక్క రాష్ట్రంలో కాకులు లేచాయి. పొగ ఎంతుందంటే మీ మామ్మగారు నా చెయ్యనుకుని పక్కనున్న తెల్లాయన చెయ్యి పట్టుకుంది, ఆయనా ఏమీ అనలేదు. నీలం కోట్లు కొండవాలు మీదికి నడుస్తున్నాయి, బూడిద కోట్లు పైనుంచి కాలుస్తున్నాయి. మా ఐదుగురూ కనిపిస్తున్నారు. వాలు మీదున్న రాతిగోడ దగ్గరికి రాగానే మేఘనకి గుండు తగిలింది.

అమ్మాయ్, ఆ చావు నువ్వు చూడాల్సింది. ముందు ఆగింది. ఛాతీ వంక చూసుకుంది, ఇదేంటి అన్నట్టు. తుపాకీ జారింది, మోకాలు వంగింది. ఆకాశం వంక చూసింది, అమ్మని చూసినట్టు. నా పక్కన కూర్చున్న సుజాత కళ్ళు తుడుచుకుంది. మైదానం మొత్తం ఊపిరి బిగపట్టింది. ఆ నిశ్శబ్దంలో, నా ఇన్నేళ్ళ రంగస్థలం, నా గురువు, నా తెనాలి జనం, అందరూ కలిసి నా గొంతులోంచి అరిచారు.

"వన్స్ మోర్!"

నోరు జారిందంటుంది మీ మామ్మగారు. ఆవిడ అలాగే అంటుంది. నేను మాత్రం అది వ్యూహం అంటాను.

ఆ పిల్ల లేచింది.

లేచి, తుపాకీ తీసుకుని, రెండడుగులు వెనక్కేసి, మళ్ళీ గుండు తగిలించుకుని మళ్ళీ చచ్చింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. జనం కుర్చీలు వదిలేసి లేచి చప్పట్లు. బూడిద కోట్ల వాళ్ళు కూడా కాల్చడం ఆపి చప్పట్లు కొట్టారు. మీ మామ్మగారు నా తొడ గిల్లింది చూడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. "పిల్ల బతుకు బుగ్గి చేశారు కదండీ. ఆ కెప్టెన్ ఇటే చూస్తున్నాడు" అంది. చూస్తే నిజమే. గుర్రం మీద కెప్టెన్ కదలకుండా మేఘన వంకే చూస్తున్నాడు. అబద్ధమెందుకు, అప్పుడు మాత్రం నా మడత కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

చివరి బాకా ఊదారు. చచ్చినవాళ్ళందరూ దులుపుకుని లేచారు. వాల్టర్ మా ఐదుగుర్నీ పక్కన నిలబెట్టాడు. ఒకే ఒక్క వేలు. చుట్టూ రెండు సైన్యాలూ మూగాయి. మేఘన వేళ్ళు ప్యాంటు కుట్టుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, నేను చూశాను. ఆ కోటు ఇక దానిదా, మళ్ళీ ఆ లెమనేడ్ జగ్గేనా.

కెప్టెన్ తిన్నగా మేఘన ముందుకే వెళ్ళాడు. భుజం మీద చెయ్యేశాడు. సుజాత కళ్ళు మూసుకుంది.

"నువ్వు కాదు" అన్నాడు. "దాక్కోవాలని వచ్చిన ఆడపిల్ల కదలకుండా పడి ఉంటుంది. ఇంతమంది ముందు లేచి రెండోసారి చచ్చే సిగ్గులేనితనం మగపిల్లలకే ఉంటుంది."

అని పక్కకి జరిగి, రవికిరణ్ మీద వేలు పెట్టాడు. "మిస్ మేఘనా, మీరు దొరికిపోయారు."

"సార్, ఐ యామ్ ఎ బాయ్ సార్" అన్నాడు వాడు.

"ఆ యుద్ధంలో ప్రతి ఆడపిల్లా అదే మాట అంది" అన్నాడు కెప్టెన్. "నేను చూస్తూనే ఉన్నాను. గుండు తగిలాక కర్చీఫ్ తీసి, నేల తుడిచి, దాని మీద పడ్డావు. ఏ మగాడు చేస్తాడా పని?"

నేనెళ్ళి రవికిరణ్ మీసమూ గడ్డమూ ఒక్క లాగు లాగాను. కింద పరీక్షల వారం గీసుకోని గడ్డం, గరుకు కాగితంలా. కెప్టెన్ తడిమి చూసుకున్నాడు, తన కళ్ళని నమ్మలేక. వెనక రెండు సైన్యాలూ నవ్వుతున్నాయి. అప్పుడు మేఘన ఒక్కడుగు ముందుకేసి, సెల్యూట్ కొట్టి అంది. "కెప్టెన్, మీ లెమనేడ్‌లో మూడు స్పూన్లు షుగర్. మీ వైఫ్‌కి చెప్పొద్దు అన్నారు. నేను ఇప్పటిదాకా చెప్పలేదు."

కెప్టెన్ గారి భార్య అక్కడే ఉంది. ఆవిడ "వాల్టర్" అంది, అంతే, ఒక్క మాట. ఆ ఒక్క మాటకి అతను ఫిరంగి కన్నా ఎక్కువ అదిరాడు.

కానీ మనిషంటే మనిషి. టోపీ తీశాడు. సొంత కోటు నుంచి ఓ ఇత్తడి బొత్తాం తెంపి మేఘన చేతిలో పెట్టి, అందరికీ వినపడేట్టు, "ప్రైవేట్ మేఘన, వరసలోకి" అన్నాడు. ఆ పిల్ల మీసంతోనే వెళ్ళి వరసలో నిలబడింది. ఆ మీసం కింద నవ్వు ఎంతుందో, అదిగో, ఈ ఫోటో అప్పుడు తీసిందే. ఆ తర్వాత ఆ దళంలో ఏ ఆడపిల్లా తుపాకీ కోసం మీసం పెట్టుకోవాల్సిన పని లేకపోయింది. వాల్టర్ ఆ రూలే తీసేశాడు. మా మేఘన ఇప్పుడు సార్జెంటు. మీసం లేకుండానే. మగవాళ్ళందరూ ఆవిడ కేకకి కదులుతారు. ఇంకో రెండేళ్ళలో జనరల్ అవుతుంది, రాసిపెట్టుకో.

"నిజంగా నిజమేనా తాతగారూ? ఆ వన్స్ మోర్ సంగతి?"

చెయ్యి సగం లేచిందే. పరవాలేదు, దించకు, అలాగే ఉంచు. మా ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదంటావు, నాకు తెలుసు. కెప్టెన్‌ని అడగమంటే నీకు మొహమాటం. బయటికెళ్ళి, కుడిచేతి వైపు తిరిగి, స్కూలు దాటాక మూడో ఇల్లు. ఎర్ర తలుపు. ఇప్పుడు వాడికి గ్రీన్ కార్డు, ఇద్దరు పిల్లలు, పెద్ద ఉద్యోగం. ఆ శనివారం నుంచి ఈ రోజు దాకా మీసం తియ్యలేదు. బెల్లు కొడితే ముందు మీసం వస్తుంది, వెనక మనిషి వస్తాడు. కూర్చోమని కుర్చీ చూపించే ముందు దాన్ని కర్చీఫుతో తుడుస్తాడు, అప్పుడు అడుగు. వాడు అబద్ధమాడితే నేను ఆడినట్టే. పేరు గుర్తుపెట్టుకో, చింతలపూడి రవికిరణ్.